రెండు నోడ్ల క్లస్టర్‌కు ఎంటర్‌ప్రైజ్ ఎందుకు?

డేటాబేస్ ఆగకూడదు అని యజమాని అనగానే కొటేషన్‌లోకి ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ వచ్చేస్తుంది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ మధ్యస్థాయి కంపెనీలకు, ఆసుపత్రులకు డేటాబేస్ పనులు చేస్తూ నేను ఎక్కువగా చూసిన కాగితం ఇదే. రెండు సర్వర్లు, మధ్యలో ఒక స్టోరేజ్ బాక్స్, రెండు సర్వర్లకూ మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఖరీదైన ఎడిషన్ అయిన ఎంటర్‌ప్రైజ్ లైసెన్సులు. తక్కువ ధర ఎడిషన్ అయిన స్టాండర్డ్ ఎందుకు వద్దన్నారని అడిగితే "క్లస్టరింగ్ కావాలన్నారు కదండీ, స్టాండర్డ్‌లో అది రాదు" అంటారు.

అది నిజం కాదు. రెండు నోడ్ల ఫెయిలోవర్ క్లస్టర్, అంటే ఒక సర్వర్ (నోడ్) పడిపోతే రెండోది పని అందుకునే ఏర్పాటు, 2005 వెర్షన్ నుంచీ స్టాండర్డ్‌లో ఉంది. ఈ ఒక్క అపోహ వల్ల ఏడాది మొత్తం ఐటీ బడ్జెట్ లైసెన్సులకే పోయి, బ్యాకప్ సర్వర్‌కు డబ్బుల్లేక ఊరుకున్న సంస్థలను చూశాను. అందుకే ఈ విషయం మీద విడమరిచి రాయాలనిపించింది. ముఖ్యంగా డీబీఏల (డేటాబేస్ చూసుకునే నిపుణుల) కోసం కాదు, ఆ చెక్కు మీద సంతకం పెట్టేవాళ్ల కోసం. నేను చెప్పేది ఒకటే. రెండు నోడ్లతో పని జరిగే ఏ సంస్థకైనా మొదటి ఎంపిక స్టాండర్డ్ కావాలి. ఎంటర్‌ప్రైజ్ కావాలనేవాళ్లు అది ఏ ఫీచరు కోసమో పేరు పెట్టి చెప్పాలి. ఆ ఫీచరు లేకపోతే సంస్థలో ఏ పని ఆగుతుందో చూపించాలి.

అపోహకు కారణం లేకపోలేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 రోజుల్లో క్లస్టర్ కట్టాలంటే నిజంగానే ఎంటర్‌ప్రైజ్ కావాల్సి వచ్చేది. తర్వాత డేటాబేస్ వైపు స్టాండర్డ్ సరిపోయినా, విండోస్ వైపు అడ్డంకి మిగిలింది. విండోస్ సర్వర్ 2008 ఆర్2 దాకా ఫెయిలోవర్ క్లస్టరింగ్ విండోస్ స్టాండర్డ్‌లో ఉండేది కాదు. విండోస్ సర్వర్ 2012తో అదీ తొలగింది. సరిగ్గా అదే ఏడాది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012లో అవైలబిలిటీ గ్రూపులు (ఒక్కో సర్వర్‌లో డేటా కాపీ ఉంచే పద్ధతి) వచ్చాయి, అవి ఎంటర్‌ప్రైజ్‌కే పరిమితం. అందరి కళ్లూ ఆ కొత్త ఫీచరు మీద పడ్డాయి. శిక్షణ క్లాసుల్లో అదే, ఇంటర్వ్యూల్లో అదే ప్రశ్న. దాంతో క్లస్టర్ అంటే ఎంటర్‌ప్రైజే అన్న పాత అభిప్రాయం మళ్లీ పాతుకుపోయింది. 2016 వెర్షన్‌లో స్టాండర్డ్‌కు కూడా వాటి చిన్న రూపం, బేసిక్ అవైలబిలిటీ గ్రూపులు ఇచ్చారు. ఆ మార్పు మాత్రం చాలామంది కొటేషన్లలోకి ఇంకా చేరలేదు.

ఇక డబ్బు సంగతి. లైసెన్సును సర్వర్ ప్రాసెసర్‌లోని కోర్ల లెక్కన కొంటారు. 2022 వెర్షన్‌కు ప్రకటించిన ధర రెండు కోర్ల ప్యాక్‌కు ఎంటర్‌ప్రైజ్ అయితే 15,123 డాలర్లు, స్టాండర్డ్ అయితే 3,945 డాలర్లు. 16 కోర్ల సర్వర్‌కు ఎనిమిది ప్యాకులు కావాలి. అంటే ఎంటర్‌ప్రైజ్‌కు 1,20,984 డాలర్లు, స్టాండర్డ్‌కు 31,560. డాలరు 85 రూపాయలు అనుకుంటే మొదటిది కోటీ మూడు లక్షలు, రెండోది దాదాపు 27 లక్షలు. పైన చెప్పిన కొటేషన్‌లో లాగా రెండు నోడ్లకూ పూర్తి ఎంటర్‌ప్రైజ్ రాస్తే రెండు కోట్లు దాటుతుంది. దీని మీద 18 శాతం జీఎస్టీ. ఆసుపత్రి అయితే వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, కట్టిన పన్నును చాలావరకు తిరిగి జమ చేసుకోవడం కూడా కుదరదు. బేరమాడితే, ఒప్పందాన్ని బట్టి ధరలు తగ్గుతాయి. కానీ రెండు ఎడిషన్ల మధ్య దాదాపు నాలుగింతల తేడా మాత్రం తగ్గదు.

ఇంకా తక్కువలో అయ్యే దారి కూడా ఉంది. స్టాండర్డ్‌ను కోర్ల లెక్కన కాకుండా సర్వర్ లైసెన్సు, దానికి తోడు క్యాల్స్ (వాడే ఒక్కో మనిషికి లేదా పరికరానికి తీసుకునే లైసెన్సులు) లెక్కన కొనొచ్చు. సర్వర్‌కు 989 డాలర్లు, ఒక్కో క్యాల్‌కు 230. నలభై మంది పనిచేసే డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు మొత్తం 10,189 డాలర్లు. ఆసుపత్రిలో మూడు షిఫ్టుల నర్సులు ఒకే కంప్యూటర్ వాడితే మనిషికి కాకుండా ఆ పరికరానికి క్యాల్ కొంటే సరిపోతుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. అప్లికేషన్ మొత్తం ఒకే లాగిన్‌తో డేటాబేస్‌కు కనెక్ట్ అవుతుంది కాబట్టి ఒక్క క్యాల్ చాలు అని కొందరు చెబుతారు. మధ్యలో ఎన్ని సర్వర్లున్నా, చివరకు వాడే మనుషులు లేదా పరికరాలు ఎన్నో అన్ని క్యాల్స్ కావాలి. రోగులు తమ రిపోర్టులు మొబైల్‌లో చూసుకునే ఏర్పాటు ఉంటే ఈ లెక్క పట్టుకోవడం అసాధ్యం. అప్పుడు కోర్ లైసెన్సే మేలు.

సర్వర్ కొనేముందే లైసెన్సు లెక్క వేయాలి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. హార్డ్‌వేర్ వాళ్లు రెండు సాకెట్లలో (ప్రాసెసర్ చిప్ కూర్చునే చోట్లలో) 32 చొప్పున 64 కోర్ల సర్వర్ దింపేస్తారు. స్టాండర్డ్ 2022 ఒక ఇన్‌స్టాన్స్‌కు (ఒకసారి ఇన్‌స్టాల్ చేసి నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు) నాలుగు సాకెట్లు లేదా 24 కోర్లు, ఏది తక్కువైతే అంతవరకే వాడుకుంటుంది. కానీ దాన్ని నేరుగా ఆ మెషీన్ మీద ఇన్‌స్టాల్ చేస్తే లైసెన్సు మాత్రం 64 కోర్లకూ కట్టాలి. పనికిరాని 40 కోర్లకు డబ్బు పోసినట్టే. డేటాబేస్ సర్వర్‌కు ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ కంటే తక్కువ కోర్లు, ఎక్కువ వేగం ఉన్న ప్రాసెసర్ మంచిది. లేదా వర్చువల్ మెషీన్‌లో (ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మెషీన్‌లో) పెట్టి ఆ మెషీన్‌కు ఇచ్చిన కోర్లకే లైసెన్సు తీసుకోవచ్చు. 2022 వెర్షన్ నుంచి అలా తీసుకోవాలంటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సు మీద ఏటా విడిగా డబ్బు కట్టే ఒప్పందం) గానీ సబ్‌స్క్రిప్షన్ గానీ తప్పనిసరి. కనీసం నాలుగు కోర్లకు కట్టాలి.

వర్చువల్ మెషీన్లలో ఇంకో పొరపాటు పదేపదే కనిపిస్తుంది. మెషీన్‌కు ఎనిమిది ప్రాసెసర్లు ఇచ్చామంటారు. సెట్టింగుల్లో చూస్తే ఒక్కో సాకెట్‌కు ఒక్కో కోర్ చొప్పున ఎనిమిది సాకెట్లుగా ఉంటుంది. స్టాండర్డ్ నాలుగు సాకెట్లకు మించి తాకదు. ఎనిమిది కోర్లకు లైసెన్సు కట్టి నాలుగింటితో పని చేయించుకుంటున్నారన్నమాట. సర్వర్ నెమ్మదిగా ఉందని, స్టాండర్డ్ చాలడం లేదని, ఎంటర్‌ప్రైజ్‌కు మారాలని సలహా కూడా వచ్చేస్తుంది. రెండు సాకెట్లు, ఒక్కోదాంట్లో నాలుగు కోర్లు అని మార్చి మెషీన్ రీస్టార్ట్ చేస్తే ఆ సమస్యే ఉండదు. ఎంటర్‌ప్రైజ్‌కు మారాలన్న మాట ఎవరైనా తెస్తే ముందు ఈ సెట్టింగ్ చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎర్రర్ లాగ్‌లో, మొదలైన కాసేపటికే, ఎన్ని సాకెట్లు, ఎన్ని కోర్లు వాడుతోందో స్పష్టంగా రాసి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. స్టాండర్డ్‌లో రెండు నోడ్లను నిలబెట్టే దారులు ప్రధానంగా రెండు. ఒకటి పాత పద్ధతి, ఫెయిలోవర్ క్లస్టర్ ఇన్‌స్టాన్స్. డేటా ఒకే చోట, రెండు సర్వర్లకూ అందే స్టోరేజ్‌లో ఉంటుంది. ఒక సర్వర్ పడిపోతే సర్వీసు రెండోదాని మీద మొదలవుతుంది. రెండోది బేసిక్ అవైలబిలిటీ గ్రూప్. ఇందులో ఒక్కో సర్వర్‌కు సొంత డిస్కు, సొంత కాపీ. లావాదేవీల లాగ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్తూ ఉంటుంది.

కొత్తగా నేర్చుకున్నవాళ్లు రెండోదాని వైపే మొగ్గుతారు. షేర్డ్ స్టోరేజ్ అక్కర్లేదు, డేటా రెండు కాపీలు ఉంటాయి, నిజమే. కానీ బేసిక్ గ్రూపులో ఒక గ్రూపుకు ఒకే డేటాబేస్. మన దగ్గర ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు, ఈఆర్‌పీలు (సంస్థ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్లు) చాలావరకు ఒక్క డేటాబేస్‌తో నడవవు. బిల్లింగ్ ఒకటి, ల్యాబ్ ఒకటి, ఫార్మసీ స్టాకు ఇంకొకటి. బిల్లింగ్‌లోని ప్రొసీజర్ ఫార్మసీ డేటాబేస్‌లోని టేబుల్‌ను నేరుగా చదువుతుంది. మూడింటికీ మూడు గ్రూపులు పెట్టొచ్చు. కానీ ఫార్మసీ గ్రూపు ఒక్కటే రెండో నోడ్‌కు వెళ్లి మిగతా రెండూ ఇక్కడే ఉంటే బిల్లు కౌంటర్ దగ్గర ఎర్రర్లు మొదలవుతాయి. సర్వర్లు రెండూ బాగానే ఉంటాయి, పని మాత్రం ఆగిపోతుంది. పైగా లాగిన్లు, రాత్రిపూట నడిచే జాబులు గ్రూపుతో పాటు వెళ్లవు. వాటిని రెండో నోడ్‌లో కూడా ఎవరో ఒకరు సృష్టించి, మార్పు జరిగిన ప్రతిసారీ సరిచూస్తూ ఉండాలి. ఆరు నెలల తర్వాత ఫెయిలోవర్ జరిగిన రోజున కొత్త లాగిన్ అక్కడ లేదని అప్పుడు తెలుస్తుంది.

ఫెయిలోవర్ క్లస్టర్ ఇన్‌స్టాన్స్‌కు ఈ బాధ లేదు. ఇన్‌స్టాన్స్ మొత్తం, అన్ని డేటాబేసులు, లాగిన్లు, జాబులు కలిసే వెళ్తాయి. అందుకే ఎక్కువ డేటాబేసులున్న సంస్థకు, ఒక్క డీబీఏ కూడా పూర్తికాలం లేని సంస్థకు నేను దీన్నే సిఫారసు చేస్తాను. కనెక్షన్లు ఒకసారి తెగుతాయి, సర్వీసు మళ్లీ మొదలై రికవరీ పూర్తవడానికి కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా పడుతుంది. పెద్ద లావాదేవీ మధ్యలో పడిపోతే ఆ రికవరీ ఎక్కువసేపు పట్టేది. 2019లో వచ్చిన యాక్సిలరేటెడ్ డేటాబేస్ రికవరీ దాన్ని బాగా తగ్గిస్తుంది, అది స్టాండర్డ్‌లోనూ ఉంది. డేటాబేస్ ఫైళ్లను మొత్తంగా ఎన్‌క్రిప్ట్ చేసే టీడీఈ కూడా 2019 నుంచి స్టాండర్డ్‌లోకి వచ్చింది. పెద్ద టేబుళ్లకు పనికొచ్చే టేబుల్ పార్టిషనింగ్, డేటా కంప్రెషన్, కాలమ్‌స్టోర్ అయితే 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచే ఉన్నాయి. ఒకప్పుడు వీటి కోసమే ఎంటర్‌ప్రైజ్ కొన్నవాళ్లు, ఇప్పటికీ వీటి పేర్లే చెబుతూ ఏటా రెన్యూ చేస్తున్నారు.

ఈ పద్ధతికి ఉన్న లోపాన్ని దాచడం లేదు. డేటా ఒకే కాపీ. స్టోరేజ్ బాక్స్ పోతే రెండు నోడ్లూ చేతులెత్తేస్తాయి. దానికి మందు ఎంటర్‌ప్రైజ్ కాదు, లాగ్ షిప్పింగ్. ఇంకో భవనంలో, వీలైతే ఇంకో ఊళ్లో మూడో సర్వర్ పెట్టి, లాగ్ బ్యాకప్‌లను అక్కడికి పంపి రీస్టోర్ చేస్తూ ఉండడం. ఇది మామూలుగా 15 నిమిషాలకోసారి జరిగేలా సెట్ అవుతుంది, తగ్గించుకోవచ్చు. పాతకాలపు పద్ధతి అని చిన్నచూపు చూస్తారు కానీ, అర్థం చేసుకోవడం తేలిక, పాడైతే బాగుచేయడం తేలిక. పొరపాటున టేబుల్ డిలీట్ అయినప్పుడు, రీస్టోర్‌ను కావాలని కొన్ని గంటలు ఆలస్యంగా పెట్టుకున్న సర్వర్ ప్రాణం పోస్తుంది. అవైలబిలిటీ గ్రూప్ అయితే ఆ డిలీట్‌ను కూడా అదే వేగంతో రెండో కాపీకి చేరవేస్తుంది.

షేర్డ్ స్టోరేజ్ కొనకుండా రెండు సర్వర్ల లోపలి డిస్కులనే కలిపి వాడదాం, విండోస్‌లోనే స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ ఉంది కదా అని కొందరు అంటారు. ఆ ఫీచరుకు విండోస్ సర్వర్ డేటాసెంటర్ ఎడిషన్ కావాలి. డేటాబేస్ లైసెన్సులో మిగిలింది విండోస్ లైసెన్సులో పోకుండా చూసుకోవాలి.

ఇప్పుడు రెండో నోడ్ లైసెన్సు. ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ, ఆడిట్‌లో ఎక్కువమంది దొరికిపోయేదీ ఇక్కడే. ఊరికే ఎదురుచూస్తూ ఉండే నోడ్‌కు కూడా లైసెన్సు కట్టాలా? 2012 వెర్షన్ దాకా అలాంటి ఒక పాసివ్ సర్వర్‌కు విడిగా లైసెన్సు అక్కర్లేదు. 2014 నుంచి ఆ హక్కు సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ ఉన్నవాళ్లకే. 2019 నవంబర్ 1 నుంచి అష్యూరెన్స్ ఉంటే ఇంకా విస్తరించింది. లైసెన్సు ఉన్న ఒక ప్రైమరీకి (పనిచేస్తున్న ప్రధాన సర్వర్‌కు) తోడుగా అందుబాటు కోసం ఒక పాసివ్ సర్వర్, విపత్తు రికవరీ కోసం ఇంకొకటి, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో మరొకటి అదనపు లైసెన్సు లేకుండా నడుపుకోవచ్చు. అష్యూరెన్స్‌కు ఏటా లైసెన్సు ధరలో సుమారు నాలుగో వంతు అవుతుంది.

దీన్ని పైన చెప్పిన నిర్మాణానికి అన్వయించి చూడండి. రెండు నోడ్ల క్లస్టర్, ఇంకో ఊళ్లో లాగ్ షిప్పింగ్ సర్వర్. మొత్తం మూడు సర్వర్లు. కానీ స్టాండర్డ్ లైసెన్సు ఒక్క సర్వర్‌కే, దాని మీద అష్యూరెన్స్. 27 లక్షలు, ఏటా ఆరేడు లక్షలు. రెండు కోట్ల కొటేషన్‌లో మూడో సర్వర్ అసలు లేనే లేదు.

అయితే షరతులున్నాయి, అవి పాటించాలి. పాసివ్ నోడ్ నిజంగా పాసివ్‌గానే ఉండాలి. దాని మీద ఫుల్ బ్యాకప్, లాగ్ బ్యాకప్ తీసుకోవచ్చు, డేటా పాడైందేమో చూసే డీబీసీసీ చెక్‌డీబీ నడపొచ్చు, పనితీరు గమనించవచ్చు. నెలాఖరు రిపోర్టు ఒక్కటి దాని మీద నడిపినా అది పాసివ్ కాదు, పూర్తి లైసెన్సు కట్టాల్సిందే. ప్రైమరీకి ఎన్ని కోర్ల లైసెన్సు కావాలో, పాసివ్‌కు లెక్కగట్టే కోర్లు అంతకు మించకూడదు. కొత్త సర్వర్‌ను ప్రైమరీ చేసి, పాత 32 కోర్ల మెషీన్‌ను పాసివ్‌గా వాడుకుందాం అనుకునేవాళ్లు ఈ నిబంధన దగ్గరే ఇరుక్కుంటారు. అష్యూరెన్స్ లేకుండా కొన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అప్పుడు లైసెన్సును ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి 90 రోజులకోసారే మార్చగలరు. ఫెయిలోవర్ జరిగి మర్నాడు తిరిగి పాత నోడ్‌కు వస్తే నిబంధన దాటినట్టే.

ఒక ఆసుపత్రిలో జరిగిన సంభాషణ చెప్తాను. కొటేషన్ మీద మాట్లాడుతుంటే అడ్మినిస్ట్రేషన్ చూసే పెద్దాయన అడిగారు. "రెండో సర్వర్ ఊరికే ఉంటుంది కదా సార్, రిపోర్టులన్నీ దాని మీద నడిపించుకోవచ్చని చెప్పారు మాకు. అది కుదరదా?"

"కుదురుతుందండీ. కానీ ఆ ఒక్క వాక్యం ఖరీదు కోటిన్నరకు పైనే" అని లెక్క వేసి చూపించాను.

రెండో కాపీని చదువుకునే సౌకర్యం ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉంది. బేసిక్ గ్రూపులో రెండో కాపీని చదవలేరు. చదవడం మొదలుపెట్టారంటే రెండో నోడ్‌కూ పూర్తి ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు కావాలి. అంటే మళ్లీ రెండు కోట్ల లెక్క. దానికి బదులు రిపోర్టుల కోసం విడిగా ఒక చిన్న ఎనిమిది కోర్ల సర్వర్ పెట్టి, దానికీ స్టాండర్డ్ లైసెన్సు కొని, ట్రాన్సాక్షనల్ రెప్లికేషన్‌తో కావాల్సిన టేబుళ్లు మాత్రమే పంపితే 15,780 డాలర్లు. పదమూడు లక్షలు. అవసరమైన ఇండెక్సులు అక్కడ విడిగా పెట్టుకోవచ్చు, అదో లాభం. చదవడానికి వీలున్న సెకండరీలో (రెండో కాపీలో) అలా విడి ఇండెక్సులు కుదరవు. ఆ ఆసుపత్రి చివరకు ఈ దారే ఎంచుకుంది.

ఎంటర్‌ప్రైజ్ అనవసరమని నేను అనడం లేదు. స్టాండర్డ్ 2022 ఇచ్చే 128 జీబీ బఫర్ పూల్ (డేటాను ఉంచుకునే మెమరీ) నిజంగా చాలని డేటాబేసులుంటాయి. ఇండెక్సులు తిరిగి కట్టడానికి రాత్రి కూడా ఖాళీ దొరకని వ్యాపారాలుంటాయి, వాటికి పని ఆపకుండా జరిగే ఆన్‌లైన్ రీబిల్డ్ కావాలి, అది ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉంది. పది డేటాబేసులు ఒకే గ్రూపుగా, షేర్డ్ స్టోరేజ్ లేకుండా, రెండు డేటాసెంటర్ల మధ్య కలిసి కదలాల్సిన సంస్థలుంటాయి. వాళ్లు కొనాలి, కొని పూర్తిగా వాడుకోవాలి. అయితే ఇక్కడ కూడా గీత జరుగుతోంది. 2025 వెర్షన్‌లో స్టాండర్డ్ పరిమితిని 32 కోర్లకు, 256 జీబీ మెమరీకి పెంచారు. మెమరీ చాలదన్న కారణంతోనే ఎంటర్‌ప్రైజ్‌లో ఉన్నవాళ్లు మళ్లీ లెక్క చూసుకోవాలి.

ఇంకో డేటాబేస్ అయిన ఒరాకిల్ వైపు ఉన్నవాళ్లకు ఈ నిర్ణయం ఇంకా కష్టం. అక్కడ స్టాండర్డ్ ఎడిషన్ 2లో రెండు నోడ్ల ఆర్‌ఏసీ (నోడ్లన్నీ ఒకేసారి పనిచేసే క్లస్టర్) ఉచితంగా వచ్చేది. దాన్ని నమ్ముకుని చాలా సంస్థలు క్లస్టర్లు కట్టుకున్నాయి. 19సీ వెర్షన్‌లో ఆ సౌకర్యం తీసేశారు. తర్వాత 19.7లో స్టాండర్డ్ ఎడిషన్ హై అవైలబిలిటీ అని ఇచ్చారు. అది ఒక నోడ్ పడితే ఇంకో నోడ్‌లో మొదలయ్యే పద్ధతి, రెండు నోడ్లూ ఒకేసారి పనిచేసేది కాదు. మన మధ్యస్థాయి సంస్థలకు ఇది కూడా సరిపోతుందనే నా అభిప్రాయం. సరిపోదనుకుంటే ఎంటర్‌ప్రైజ్‌కు వెళ్లాలి. ప్రకటించిన ధర ప్రాసెసర్‌కు 47,500 డాలర్లు, ఆర్‌ఏసీకి అదనంగా 23,000. ఇంటెల్, ఏఎమ్‌డీ కోర్లను సగానికి లెక్కిస్తారు కాబట్టి 16 కోర్ల నోడ్ ఎనిమిది ప్రాసెసర్లు. రెండు నోడ్లకు 11,28,000 డాలర్లు, ఏటా సపోర్టుకు దాంట్లో 22 శాతం. అక్కడ ఎదురుచూసే నోడ్‌కు పది రోజుల నియమం ఉంది. షేర్డ్ స్టోరేజ్ క్లస్టర్‌లో లైసెన్సు లేని స్పేర్ నోడ్ మీద ఏడాదిలో మొత్తం పది రోజుల వరకే నడపొచ్చు. ప్యాచింగ్ కోసం నెలనెలా అటూ ఇటూ మార్చేవాళ్లకు ఆ పది రోజులు ఎప్పుడు కరిగిపోయాయో తెలియదు. వర్చువల్ మెషీన్లు నడిపే వీఎమ్‌వేర్‌లో నాలుగు కోర్లే ఇచ్చాం కదా, నాలుగింటికే కడతాం అంటే ఒరాకిల్ ఒప్పుకోదు. దాని కింద ఉన్న భౌతిక సర్వర్ల లెక్క అడుగుతుంది.

ఇదంతా చదివి, ఈ గొడవంతా ఎందుకు, ఉచిత డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ పెట్టుకోవచ్చుగా అని కుర్రవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2010లో వచ్చిన 9.0 నుంచి స్ట్రీమింగ్ రెప్లికేషన్ (మార్పులను ఎప్పటికప్పుడు రెండో సర్వర్‌కు పంపడం) ఉంది, రెండో కాపీని చదువుకోవచ్చు, దానికి ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం కూడా 2015లోనే ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం తెచ్చింది. కొత్తగా సొంత సాఫ్ట్‌వేర్ రాయించుకునే సంస్థకు నేను మొదట చెప్పేది పోస్ట్‌గ్రెసే. కానీ కొన్న ఈఆర్‌పీ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీదే నడుస్తుంటే ఆ ఎంపిక మన చేతిలో లేదు. ఇంకొకటి, పోస్ట్‌గ్రెస్‌లో రెప్లికేషన్ లోపలే ఉంది కానీ, ప్రైమరీ పడిపోతే ఎవరు ప్రైమరీ కావాలో తానుగా నిర్ణయించుకోదు. దానికి ఆ నిర్ణయం తీసుకునే పాట్రోని లాంటిది, దాని వెనక ఎవరు ప్రైమరీనో గుర్తుంచుకునే మూడు ఈటీసీడీ నోడ్లు, ముందు కనెక్షన్లను ప్రైమరీకి మళ్లించే హెచ్‌ఏప్రాక్సీ కావాలి. ఇవన్నీ ఉచితమే. వీటిని అర్థం చేసుకున్న మనిషి ఉచితం కాదు. అలాంటి మనిషి సంస్థలో ఉంటే నిస్సందేహంగా ఆ దారిలో వెళ్లండి. లేకపోతే, ముందు మనిషిని తీసుకోండి.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో జరిగింది ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ చదవాలి. వాళ్లది పోస్ట్‌గ్రెస్, రెప్లికేషన్ కూడా ఉంది. రాత్రి పొద్దుపోయాక రెప్లికేషన్ సరిచేస్తూ ఒక ఇంజనీరు సెకండరీ అనుకుని ప్రైమరీ మీదే డేటా డైరెక్టరీ తుడిచేశాడు. బ్యాకప్ చూస్తే, సాధనం వెర్షన్ సర్వర్ వెర్షన్‌తో కలవక అది చాలాకాలంగా విఫలమవుతోంది. విఫలమైందని పంపే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. 2018 అక్టోబర్‌లో అలాంటిదే ఇంకో సైట్ గిట్‌హబ్‌లో 43 సెకన్ల పాటు నెట్‌వర్క్ తెగింది. ఆ కాసేపట్లోనే మైఎస్‌క్యూఎల్ క్లస్టర్లను చూసే సాఫ్ట్‌వేర్ ప్రైమరీలను అమెరికా పశ్చిమ తీరానికి మార్చేసింది. రెండు వైపులా వేర్వేరు రాతలు మిగిలాయి. అన్నీ సరిచేసి మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. వీళ్లకు నైపుణ్యం తక్కువా, డబ్బు తక్కువా? ఏ ఎడిషన్ కొన్నా ఈ రెండు ఘటనలు ఆగేవి కావు. బ్యాకప్‌ను నిజంగా రీస్టోర్ చేసి చూడడం, ఫెయిలోవర్‌ను అలవాటుగా సాధన చేయడం, ఏ పరిస్థితిలో ఆటోమేటిక్‌గా మారాలో మారకూడదో ముందే ఆలోచించి పెట్టుకోవడం, ఇవే ఆపగలిగేవి.

అందుకే ఎడిషన్‌లో మిగిలిన డబ్బు ఎటు వెళ్లాలన్నదే నాకు ఎక్కువ పట్టింపు. రెండు నోడ్ల మధ్య సంబంధం తెగితే ఏది నడవాలో తేల్చడానికి క్లస్టర్‌కు మూడో ఓటు కావాలి, విట్‌నెస్ అంటారు. దాన్ని అదే రెండు నోడ్లలో ఒకదాని మీద పెట్టిన క్లస్టర్లను చూశాను. ఆ నోడ్ పడితే రెండు ఓట్లూ పోయి మొత్తం ఆగుతుంది. వేరే చోట ఒక చిన్న ఫైల్ షేర్ చాలు. నెలకోసారి అప్‌డేట్లు వేసేటప్పుడు, ముందు పాసివ్ నోడ్‌కు వేసి, ఫెయిలోవర్ చేసి, రెండోదానికి వేయాలి. అలా చేస్తే సాధన దానంతట అదే జరుగుతుంది. ఏడాదంతా ఫెయిలోవర్ చేయని క్లస్టర్ పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు, వెండర్‌కు కూడా. రీస్టోర్ పరీక్షకు ఒక పాత మెషీన్, అందులో డెవలపర్ ఎడిషన్ సరిపోతుందని కొందరు అంటారు. అది ఉచితమే, ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లన్నీ ఉంటాయి. కానీ డెవలప్‌మెంట్‌కు, పరీక్షలకు మాత్రమే. ప్రొడక్షన్ పనికి వాడకూడదు. ఒక ప్రమాదం కూడా ఉంది. డెవలపర్‌లో పరీక్షించిన ఎంటర్‌ప్రైజ్ ఫీచరు స్టాండర్డ్ సర్వర్ మీద పనిచేయక ప్రాజెక్టు చివర్లో టెన్షన్ పడతారు. 2025లో స్టాండర్డ్ డెవలపర్ ఎడిషన్ విడిగా ఇచ్చారు, స్టాండర్డ్ కొనేవాళ్లు దాన్నే వాడాలి.

అమీర్‌పేటలో డీబీఏ కోర్సులు చెప్పేవాళ్లకు నాదొక విన్నపం. అవైలబిలిటీ గ్రూప్ విజార్డ్ ఎలా నడపాలో బాగా నేర్పుతున్నారు. దాంతో పాటు ఒక్క పూట లైసెన్సు లెక్క కూడా చెప్పండి. కోర్లు ఎలా లెక్కపెట్టాలి, పాసివ్ అంటే ఏమిటి, ఏ ఫీచరు ఏ ఎడిషన్‌లో ఏ వెర్షన్ నుంచి ఉంది. ఈ పిల్లలే రేపు కంపెనీల్లో కూర్చుని కొటేషన్లు చూసి సరే అనేది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కు పొడిగించిన సపోర్టు ముగింపు తేదీ 2026 జూలై 14. ఆ వెర్షన్ మీద ఉన్న సంస్థలన్నీ కొత్త కొటేషన్లు అడగాల్సిందే. అడిగేటప్పుడు రెండు కాగితాలు అడగండి, ఒకటి స్టాండర్డ్‌తో, ఒకటి ఎంటర్‌ప్రైజ్‌తో. రెండింటిలోనూ ఏ నోడ్ యాక్టివ్, ఏది పాసివ్, ఎన్ని కోర్లు, అష్యూరెన్స్ ఉందా లేదా అన్నది సర్వర్ వారీగా రాయమనండి. ఎంటర్‌ప్రైజ్ కాగితం కింద, స్టాండర్డ్‌లో లేనిదీ మీరు వాడబోయేదీ అయిన ఫీచరు పేరు రాసి సంతకం పెట్టమనండి. ఆ గడి ఖాళీగా వస్తే మొదటి కాగితం మీద ఆర్డర్ ఇవ్వండి.